ప్రవాసంలో ప్రజాభిప్రాయం: దక్షిణాఫ్రికా భారతీయులు, వారి వారపత్రిక

(ప్రసంగ పాఠం)

వారానికొకసారి పత్రిక వచ్చేది. ఒకరు పైకి చదివేవారు. చుట్టూ చేరినవారు వినేవారు. ఒంటరిగా చందా కట్టే స్తోమత లేనివారు నలుగురు కలిసి డబ్బు పోగుచేసి ఒక ప్రతి తెప్పించుకునేవారు. ఆ పత్రిక పేరు ‘ఇండియన్ ఒపీనియన్’. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో 1903 జూన్ నెలలో అది వెలువడసాగింది. దానిని ప్రజలు ఎలా చదివేవారో, ఆ పత్రిక భారాన్ని ఏళ్ల తరబడి మోసిన గాంధీజీయే తరువాత తమ దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో వర్ణించారు. ఒక పుట తిప్పితే, దూరపు సముద్రాలలో జపాను నౌకాదళం రష్యా నౌకాదళాన్ని చిత్తుచేసిన వృత్తాంతం కనిపించేది. మరొక పుటలో, ఏదో చిన్న పట్టణంలో ఒక భారతీయ వర్తకుని దుకాణానికి లైసెన్సు నిరాకరించిన వృత్తాంతం ఉండేది. వింటున్నవారికి ఈ రెండూ వేర్వేరు లోకాల సంగతులని తోచలేదు.

పరాయిదేశంలో బ్రతుకుతున్నవారు నలుగురు ఒకచోట చేరితే సంభాషణ సాధారణంగా రెండు దారులు పడుతుంది. లోకంలో ఏ రాజ్యం లేస్తున్నది, ఏ రాజ్యం కూలుతున్నది అన్నది ఒక దారి. కచేరీలో ఆ గుమాస్తా ఇంకా ఏ కాగితం తెమ్మన్నాడు అన్నది రెండవ దారి. ఈనాడు గల్ఫు దేశాలలోనో, అమెరికాలోనో ఉన్న మన తెలుగువారి మాటలు విన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. స్వదేశంలో ఉన్నవాడు ప్రభుత్వాన్ని మరచిపోయి కొన్నాళ్లు బ్రతకగలడు. ప్రవాసికి ఆ సౌకర్యం లేదు. అతడు అక్కడ ఉండడమే ఒక కాగితం మీద ఆధారపడి ఉంటుంది. ఆ కాగితం విలువ ఏ రాజధానిలో నిర్ణయమవుతున్నదో తెలుసుకోవాలన్న ఆసక్తి అతనిలో సహజంగానే కలుగుతుంది. ఈ రెండు చర్చలు కలిసిపోయి ఒక ఉద్యమంగా పరిణమించిన ఉదాహరణ మన చరిత్రలో దక్షిణాఫ్రికా భారతీయులది. ఆ చర్చావేదికలో ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్నది కూడా ఈ కథలో భాగమే.

1860 అక్టోబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవు విడిచి, నవంబరు 16వ తేదీన డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నేటాల్ వలస రాజ్యంలోని చెరకు తోటలలో పనిచేయడానికి ఒడంబడిక మీద వెళ్లిన మొదటి బృందం వారిదే. ఒడంబడిక కాలం అయిదేళ్లు. మొదటి సంవత్సరం జీతం నెలకు 10 షిల్లింగులు, తిండిగింజలు అదనం. ఒడంబడికకు ఇంగ్లీషు మాట ‘అగ్రిమెంటు’. దానిని పలకలేక ఉత్తరాది కూలీలు ‘గిర్‌మిట్’ అన్నారు. అలా వెళ్లినవాడు ‘గిర్‌మిటియా’ అయ్యాడు. పలకలేని మాటను తమ నోటికి అనువుగా మలచుకున్నవారు ఆ మాట వెనుకనున్న షరతులను మాత్రం తమకు అనువుగా మలచుకోలేకపోయారు. 1911లో ఈ వలస ఆగిపోయేనాటికి దాదాపు 1,52,000 మంది ఇలా నేటాల్ చేరారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడ ఎక్కినవారు. తమిళులు అధికం; వారితోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు మొదలైన జిల్లాల తెలుగువారూ వేలాదిగా ఉన్నారు. ఉత్తరాంధ్రలో బర్మా వెళ్లడాన్ని ‘రంగం పోవడం’ అనేవారు, పోయినవారు ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వచ్చేవారు. నేటాల్ పోయినవారిలో తిరిగి వచ్చినవారు తక్కువ.

కూలీల వెనుకనే, సొంత ఖర్చుతో ఓడ ఎక్కి, వర్తకులు వెళ్లారు. వీరిలో ఎక్కువమంది గుజరాత్ ప్రాంతపు ముస్లిములు. కొందరు హిందువులు, పారశీలు. తెల్లవారి దృష్టిలో ఈ తేడాలు ఏవీ లేవు. వ్యాపారి కూలీ వ్యాపారి. న్యాయవాది కూలీ న్యాయవాది. భారతదేశంలో ఉండగా ఒకరి ఊరి పేరు మరొకరు విని ఉండని మనుషులను ఒకే తిట్టుమాట ఒకే జాతిగా జమకట్టింది. ఏకత్వం పాఠం వారికి మొదట అవమానపు బడిలోనే లభించింది.

1893లో ఒక వర్తకుని వ్యాజ్యం పనిమీద గాంధీ అక్కడికి వెళ్లారు. మరుసటి ఏడు పని ముగిసి, వీడ్కోలు విందు జరుగుతుండగా, ఒక దినపత్రిక మూలన భారతీయుల వోటుహక్కును గురించిన చిన్న వార్త వారి కంటబడింది. నేటాల్ శాసనసభలో ఆ హక్కును తొలగించే బిల్లు వచ్చింది. దాని సంగతేమిటని ఆయన అడిగితే, విందు ఇచ్చిన వర్తకులు చెప్పిన సమాధానం గమనింపదగినది. ఇటువంటి విషయాలు తమకేం తెలుస్తాయని, తమకు తెలిసినది వ్యాపారం ఒక్కటేనని, పత్రికలు తెప్పించుకునేది బజారు ధరలకోసమేనని వారు అన్నారు. ధరల పట్టిక పక్కనే తమ హక్కులు పోతున్న వార్త అచ్చయి ఉన్నా వారి చూపు అటు పోలేదు. ఆ రాత్రి వీడ్కోలు విందే కార్యనిర్వాహక సమావేశంగా మారిపోయింది. కొద్ది వారాలలో వలస రాజ్యాల మంత్రి లార్డ్ రిప్పన్‌కు పంపిన అర్జీమీద దాదాపు 10,000 సంతకాలు పడ్డాయి. 1894 ఆగస్టు 22న నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఏర్పడింది.

ఆ సభల తొలి రోజులను గురించిన వర్ణన నేటి విద్యార్థి సంఘాలవారు కూడా చదవదగినది. సభలో లేచి మాట్లాడడం ఎవరికీ అలవాటు లేదు. అధ్యక్షుని అనుమతితో, ప్రస్తావిత విషయంమీదనే, ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలన్న నియమాన్ని నేర్పవలసి వచ్చింది. క్రమేణా, అంతవరకు బహిరంగంగా నోరు విప్పని వ్యాపారులు ప్రజావిషయాలమీద ఆలోచించి మాట్లాడసాగారు. ఖర్చు ప్రతి పైసకూ లెక్క ఉండేది. ఆ లెక్క సభలో చదివి వినిపించేవారు.

అయితే ఆ కాంగ్రెసు సభ్యత్వానికి చందా నెలకు కనీసం 5 షిల్లింగులు, అనగా సంవత్సరానికి 3 పౌన్లు. ఈ 3 పౌన్ల సంఖ్యను గుర్తుంచుకోవాలి.

1895లో నేటాల్ ప్రభుత్వం ఒక శాసనం చేసింది. ఒడంబడిక ముగిసిన కూలీ తిరిగి భారతదేశానికి పోవాలి, లేదా మళ్లీ ఒడంబడికలో చేరాలి. ఈ రెండూ ఒప్పుకోక స్వేచ్ఛగా ఉండదలచుకుంటే ఏటా పన్ను కట్టాలి. మొదట వారు వేయదలచినది 25 పౌన్లు. భారత ప్రభుత్వంతో ఉత్తరప్రత్యుత్తరాల తరువాత అది 3 పౌన్లకు దిగింది. తరువాత ఈ పన్నును పదహారేళ్లు నిండిన కొడుకులకూ, పదమూడేళ్లు నిండిన కూతుళ్లకూ వర్తింపజేశారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు, అంటే 240 షిల్లింగులు. భర్త సంపాదన సగటున నెలకు 14 షిల్లింగులు మించదని గాంధీజీ రాశారు. ఆ లెక్కన సంవత్సరపు సంపాదన 168 షిల్లింగులు. పన్ను మొత్తం సంపాదననే మించిపోయింది! స్వేచ్ఛను కొనుక్కోవడానికి ఇంత ధర కట్టిన ఉద్దేశం స్పష్టమే; కూలీ మళ్లీ తోటలోకే పోవాలి. కాంగ్రెసు ఈ పన్నును వ్యతిరేకించింది. కాని ఆ పన్నును గురించి చర్చించే సభలో సభ్యునిగా కూర్చోవడానికి కూడా కూలీకి అదే 3 పౌన్లు కావలసివచ్చింది. కాంగ్రెసు నాయకులు ఈ పోలికను ఉద్దేశించి ఉండరు. అయినా లెక్క లెక్కే.

వర్తకుల బాధలు మరొక రకంవి. 1897లో నేటాల్ రెండు శాసనాలు తెచ్చింది. రెండింటిలోను ‘భారతీయుడు’ అన్న మాట ఎక్కడా లేదు. లండన్‌లోని మంత్రులను ఇబ్బంది పెట్టకూడదన్న జాగ్రత్త అది. వర్తకుల లైసెన్సు శాసనం ప్రకారం లెక్కల పుస్తకాలు ఇంగ్లీషులో ఉండాలి. లైసెన్సు ఇవ్వాలో వద్దో అధికారి ఇష్టం. నిరాకరిస్తే పురపాలక సంఘానికి అప్పీలు చేసుకోవచ్చు. ఆ సంఘంలో కూర్చున్నవారు చాలాచోట్ల పోటీ దుకాణాల యజమానులే. వారి తీర్పు తప్పని పై న్యాయస్థానానికి పోయే దారి లేదు. రెండవది ప్రవేశ నియంత్రణ శాసనం. ఓడ దిగినవాడు ఏదైనా ఒక ఐరోపా భాషలో దరఖాస్తు రాయగలగాలి. సంస్కృతంలో పండితుడైనా, పారశీలో కవి అయినా అది చదువుకింద లెక్కకు రాదు. ఈ ఉపాయాన్ని చూచి ఇతర రాజ్యాలూ నేర్చుకున్నాయి. 1901లో ఆస్ట్రేలియా ప్రవేశపెట్టిన డిక్టేషన్ పరీక్షకు మాతృక ఇదే. అంటే డర్బన్ రేవులోని ఒక బల్ల దగ్గర జరిగిన తతంగం సముద్రాల అవతల విధానంగా మారింది. గుమాస్తాను గురించిన ఫిర్యాదుకూ ప్రపంచ రాజకీయానికీ దూరం ఎంత తక్కువో దీనివల్ల తెలుస్తుంది.

బోయరు యుద్ధం ముగిసిన తరువాత ట్రాన్స్‌వాల్‌లో ఆసియావారి కోసం ప్రత్యేకంగా ఒక శాఖ వెలసింది. యుద్ధకాలంలో పారిపోయినవారు తిరిగి తమ ఇళ్లకు రావాలన్నా దాని పర్మిట్టు కావాలి. హక్కు ఉన్నవారికి పర్మిట్టు దొరకదు. హక్కు లేనివారు 100 పౌన్లు చెల్లించి లోపలికి వస్తున్నారు. ఇదీ జొహాన్నెస్‌బర్గ్‌లో గాంధీ వద్దకు రోజూ వచ్చిన ఫిర్యాదు. ఆయన సాక్ష్యాలు పోగుచేసి ఇద్దరు అధికారులమీద నేరారోపణ జరిగేటట్లు చూశారు. సాక్ష్యం బలంగానే ఉన్నా జ్యూరీ వారిని విడిచిపెట్టింది. ప్రభుత్వం మాత్రం వారిని ఉద్యోగంలో ఉంచుకోలేకపోయింది.

ఇక పత్రిక సంగతి. ముద్రణాలయం మదన్‌జీత్ వ్యవహారిక్‌ది. తొలి సంపాదకుడు మన్‌సుఖ్‌లాల్ నాజర్. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళం అనే నాలుగు భాషలలో పత్రిక వచ్చేది. అచ్చుకు కావలసిన డబ్బు చాలక గాంధీ తమ న్యాయవాద వృత్తి సంపాదననుండి నెలకు 75 పౌన్ల వరకు పంపవలసి వచ్చిన రోజులు ఉన్నాయి. 1904 చివర, జాన్ రస్కిన్ గ్రంథం ఒకటి చదివిన ప్రభావంతో ఆయన డర్బన్‌కు సుమారు 14 మైళ్ల దూరంలో ఫీనిక్స్ అనేచోట 100 ఎకరాల భూమి కొని, ముద్రణాలయాన్ని అక్కడికి మార్చారు. తొలి సంచిక అచ్చువేసే రాత్రి ఇంజను మొరాయించింది. వడ్రంగులను నిద్ర లేపి, అందరూ వంతులవారీగా చేతితో చక్రం తిప్పి, తెల్లవారేవరకు పనిచేశారు.

ఆ పుటలలో ప్రపంచ రాజకీయాలకు ఎంత చోటు ఇచ్చారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1905లో సుషిమా సముద్రయుద్ధంలో జపాను విజయం ఆసియా ప్రజలందరిలాగే వీరినీ కదిలించింది. అదే ఏడు రష్యాలో జరిగిన సమ్మెలను, ప్రజల తిరుగుబాటును పత్రిక వివరించింది. జారు ప్రభుత్వమైనా ప్రజలు పనిచేయకపోతే నడవదన్న సంగతి పాఠకులకు విప్పిచెప్పింది. వంగ విభజన జరిగినప్పుడు వంగదేశీయుల స్వదేశీ ఉద్యమాన్ని కొనియాడింది. ఇంగ్లండులో స్త్రీలు వోటుహక్కు కోసం చెరసాలకు వెళ్తుంటే ఆ ధైర్యాన్ని భారతీయ పురుషులకు ఎత్తిచూపింది. మాజినీ, లింకన్, టాల్‌స్టాయ్, ఫ్లారెన్స్ నైటింగేల్, ఈశ్వరచంద్ర విద్యాసాగర్ మొదలైనవారి జీవితచిత్రాలను గుజరాతీలో ప్రచురించింది. సోక్రటీసు న్యాయస్థానంలో చెప్పుకున్న సమాధానాన్ని 1908లో సంగ్రహించింది. కిరాణా కొట్టు కట్టేసి, దీపం దగ్గర కూర్చున్న సూరతు వర్తకుడు సోక్రటీసు కథ వినడం వింతగా తోచవచ్చు. కాని చట్టానికి తలవంచడమా, చెరసాలకు పోవడమా అన్న ప్రశ్న అప్పటికి ఆ వర్తకుని ముంగిటనే నిలిచి ఉంది.

1906 ఆగస్టు 22న ట్రాన్స్‌వాల్ ప్రభుత్వ గెజెట్‌లో ఒక ముసాయిదా ప్రకటితమైంది. ఎనిమిదేళ్లు పైబడిన ప్రతి ఆసియావాసీ కచేరీలో పేరు నమోదు చేయించుకోవాలి. పది వేళ్ల ముద్రలు ఇవ్వాలి. ఆ పత్రాన్ని పోలీసు ఎక్కడ అడిగితే అక్కడ చూపాలి. గాంధీ దానిని గుజరాతీలోకి అనువదించి పత్రికలో వేశారు. శాసనభాషను ఇంటిభాషలో పెట్టేసరికి దాని అసలు రూపం బయటపడింది. అనువాదానికి ఉండే శక్తిని శంకించేవారు ఈ ఘట్టాన్ని తలచుకోవచ్చు. పది వేళ్ల ముద్రలను చట్టం నేరస్థులనుండి మాత్రమే కోరుతుందని, హెన్రీ అనే పోలీసు అధికారి గ్రంథంలో గాంధీజీ గమనించారు. ఈ ఎడ్వర్డ్ హెన్రీ వేలిముద్రల పద్ధతిని రూపొందించినది కలకత్తాలోనే. అందులో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల కృషి ఎంతో ఉన్నది. భారతదేశంలో పుట్టిన పద్ధతి భారతీయుల వెంట సముద్రం దాటి వచ్చింది.

సెప్టెంబరు 11న జొహాన్నెస్‌బర్గ్‌లోని ఎంపైర్ నాటకశాలలో దాదాపు 3,000 మంది సమావేశమయ్యారు. అబ్దుల్ గనీ అధ్యక్షులు. ఈ చట్టానికి లోబడబోమన్న తీర్మానాన్ని దేవుని సాక్షిగా ప్రమాణపూర్వకంగా చేయాలని సేఠ్ హాజీ హబీబ్ ప్రతిపాదించారు. ప్రమాణమంటే ఏమిటో, పక్కవాడు తప్పినా తాను తప్పకూడదనే దాని భావమేమిటో గాంధీ విడమరచి చెప్పిన తరువాత సభ్యులందరూ లేచి చేతులెత్తారు. ఆ మరునాడే నాటకశాల అగ్నికి ఆహుతైంది. చట్టం కూడా అలాగే కాలిపోతుందని కొందరు శకునం చెప్పుకున్నారు.

చట్టం కాలిపోలేదు, 1907లో అమలులోకి వచ్చింది. అయితే, నమోదుకోసం తెరచిన కచేరీల ముందు యువకులు నిలబడి, లోపలికి పోయేవారికి నచ్చజెప్పారు. ట్రాన్స్‌వాల్‌లోని దాదాపు 13,000 మందిలో గడువు ముగిసేనాటికి నమోదు చేయించుకున్నవారు సుమారు 500 మంది మాత్రమే. ఆ నెలలలో పత్రికలోని ‘జొహాన్నెస్‌బర్గ్ లేఖ’ అనే గుజరాతీ శీర్షిక చట్టంలోని ఒక్కొక్క చిక్కును విప్పుతూ వచ్చింది.

ఈ పోరాటానికి పేరు లేదు. ‘పాసివ్ రెసిస్టెన్స్’ అనే ఇంగ్లీషు మాటను వాడుతుండేవారు. తమ పోరాటానికి పరభాషలో తప్ప పేరు లేకపోవడం సిగ్గుచేటని భావించిన సంపాదకవర్గం 1907 చివర పాఠకులకు ఒక పోటీ పెట్టింది. చిన్న బహుమతి కూడా ప్రకటించింది. మగన్‌లాల్ గాంధీ ‘సదాగ్రహం’ అన్న పదం పంపారు. అర్థం మరింత స్పష్టం కావడానికి దానిని ‘సత్యాగ్రహం’ అని మార్చారు. నేడు ప్రపంచ నిఘంటువులలోకి ఎక్కిన ఆ మాట పత్రికా పాఠకుల పోటీలో పుట్టింది.

చర్చ అంటే అందరూ తలలూపడం కాదు. 1908 జనవరిలో జనరల్ స్మట్స్‌తో రాజీ కుదిరింది. భారతీయులు స్వచ్ఛందంగా నమోదు చేయించుకుంటే చట్టం రద్దవుతుందని గాంధీ నమ్మారు. ఆ రాత్రి మసీదు ఆవరణలో జరిగిన సభలో ఒక పఠాను లేచి నిలదీశాడు. నిన్నటిదాకా వేలిముద్రలు అవమానమన్నవారు నేడు ఇవ్వమంటారా? 15,000 పౌన్లకు జాతిని అమ్మివేశారన్న మాట నిజమేనా? ప్రశ్న కఠినమైనది, సభలోనే సమాధానం లభించింది. కాని అందరూ తృప్తిపడలేదు. ఫిబ్రవరి 10న నమోదు కచేరీకి వెళుతున్న గాంధీని మీర్ ఆలం అనే పఠాను, అతని మిత్రులు దారిలో కొట్టి పడవేశారు. చట్టం రద్దు కానేలేదు. ఆగస్టు 16న హమీదియా మసీదు ముందు మూడు కాళ్ల పెద్ద ఇనుప కాగులో 2,000కు పైగా పత్రాలను వేసి, కిరసనాయిలు పోసి తగులబెట్టారు. ఆ సభకు మీర్ ఆలం కూడా వచ్చి, తాను చేసినది తప్పని ఒప్పుకుని, తన పాత పత్రాన్ని మంటకు అప్పగించాడు. లండన్ పత్రికకు వార్త రాసిన ఒక విలేకరి దీనిని అమెరికావారు బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలను పారవేసిన ఘటనతో పోల్చాడు.

మరుసటి సంవత్సరం ఈ చర్చ లండన్‌కు మారింది. అక్కడ హైగేట్‌లో శ్యామ్‌జీ కృష్ణవర్మ 1905లో స్థాపించిన ఇండియా హౌస్ యువకులు ఆయుధమే మార్గమన్నారు. 1909 జులై 1న మదన్‌లాల్ ధింగ్రా కర్జన్ వైలీని కాల్చిచంపాడు. కొద్దిరోజులకే లండన్ చేరిన గాంధీ ఆ భావాలవారితో నెలల తరబడి వాదించారు. అక్టోబరు 24న దసరా విందులో సావర్కరు, గాంధీ ఒకే వేదికమీద మాట్లాడారు. తిరుగు ప్రయాణంలో, ఓడలో, నవంబరు 13 మొదలు 22 వరకు పదిరోజులలో ఆయన ‘హింద్ స్వరాజ్’ రాశారు. కుడిచేయి నొప్పి పుడితే ఎడమచేతితో 40 పుటలు రాశారు. అది పాఠకునికీ, సంపాదకునికీ మధ్య సంభాషణగా సాగే గ్రంథం. పాఠకుడు అడుగడుగునా అడ్డు తగులుతాడు. డిసెంబరులో ‘ఇండియన్ ఒపీనియన్’ రెండు సంచికలలో అది వెలువడింది. 1910లో బొంబాయి ప్రభుత్వం దానిని నిషేధించింది.

ఇంతవరకు చెప్పిన చర్చలో చెరకు తోటలోని మనిషి గొంతు ఎక్కడ వినబడింది? అరుదుగా మాత్రమే. నాలుగు భాషలతో మొదలైన పత్రికలో 1906 ప్రారంభంలో హిందీ, తమిళ విభాగాలు నిలిచిపోయాయి. సంపాదకులూ, ఆ లిపులలో అక్షరాలు కూర్చే పనివారూ దొరకలేదన్నది కారణం. కారణం నిజమే కావచ్చు. కాని మిగిలినవి వర్తకుల గుజరాతీ, పాలకుల ఇంగ్లీషు. పోయినవి కూలీల భాషలు. తెలుగు మొదటినుండీ లేదు. మద్రాసునుండి వచ్చిన తెలుగువాడు ప్రభుత్వానికీ, పత్రికకూ కూడా తమిళులలో ఒకడు. అయినా నోటి భాషలకు అచ్చు అక్షరాల అవసరం లేదు. ట్రాన్స్‌వాల్ ఉద్యమానికి స్తంభంగా నిలిచిన తంబి నాయుడు మారిషస్‌లో పుట్టిన తమిళుడు. చెప్పుకోదగిన బడిచదువు లేని ఆయనకు ఇంగ్లీషు, తమిళం, హిందూస్తానీ, మారిషస్ క్రియోల్ వచ్చు. అక్షరాలు తెలియకపోయినా కొంత తెలుగు కూడా వచ్చునని గాంధీజీ రాశారు.

పి.ఎస్. అయ్యర్ 1908లో డర్బన్‌లో ‘ఆఫ్రికన్ క్రానికల్’ అనే తమిళ, ఇంగ్లీషు వారపత్రికను స్థాపించి ఈ లోపాన్నే ఎత్తిచూపారు. ట్రాన్స్‌వాల్ వర్తకుల పర్మిట్టుల కోసం ఇంత పోరాడేవారు నేటాల్ కూలీల 3 పౌన్ల పన్నును ఎందుకు పక్కన పెట్టారన్నది ఆయన విమర్శ. గాంధీని ఆయన విడిచిపెట్టలేదు; గాంధీ అనుచరులూ ఆయనను మెచ్చలేదు. చరిత్రలో అయ్యర్ పేరు అంతగా వినబడదు. కాని ఆయన అడిగిన ప్రశ్న సరైనదేనని 1913 నిరూపించింది.

ఆ సంవత్సరం మార్చిలో కేప్ న్యాయస్థానం తీర్పు ఒకటి, క్రైస్తవ పద్ధతిలో జరగని భారతీయ వివాహాలకు చట్టసమ్మతి లేకుండా చేసింది. స్త్రీలు రంగంలోకి దిగారు. వారు న్యూకాజిల్ గనులకు వెళ్లి 3 పౌన్ల పన్ను సంగతి కూలీలకు చెప్పారు. అక్టోబరులో పలుగులు కింద పడ్డాయి. నవంబరు 6న ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడక సాగించినవారిలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఉన్నారు. రోజుకు తలకు ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. గనులనుండి సమ్మె చెరకు తోటలకు పాకింది. ఏ పత్రికా చదవని, ఏ కాంగ్రెసుకూ చందా కట్టని వేలమంది పని ఆపివేశారు. ఆ నవంబరులోనే వైస్రాయి లార్డ్ హార్డింజ్ మద్రాసు వచ్చి, సాక్షాత్తు బ్రిటిషు సామ్రాజ్య ప్రతినిధి అయి ఉండి, దక్షిణాఫ్రికా ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించారు. ఆ సమ్మె సందర్భంలోనే పత్రికలో తమిళ, హిందీ విభాగాలు కొంతకాలం మళ్లీ కనిపించాయి. 1914లో భారతీయుల ఉపశమన శాసనం 3 పౌన్ల పన్నును రద్దు చేసింది. ఆ జులైలో గాంధీ ఆ దేశం విడిచారు.

ఒక్క సంగతిని దాటవేయకూడదు. ఈ చర్చలన్నింటిలోను ఆ నేలకు అసలు యజమానులైన ఆఫ్రికన్ల గొంతు దాదాపు లేదు. ఫీనిక్స్‌కు దగ్గరలోనే జాన్ దూబే నెలకొల్పిన ఓహ్లాంగే విద్యాలయం ఉన్నది. ఆయన జూలూ పత్రిక ‘ఇలంగ లసె నేటాల్’ కూడా 1903లోనే పుట్టింది. అంత చేరువగా ఉన్న రెండు ముద్రణాలయాల మధ్య కలసి పోరాడాలన్న మాట నాడు రాలేదు. భారతీయులు తమను ఆఫ్రికన్లతో జమకట్టవద్దని కోరినవారే. ఆ కాలపు వారి రాతలలో కొన్ని నేడు చదవడానికి బాధ కలిగిస్తాయి. 1947 మార్చిలో డాక్టర్ జూమా, డాక్టర్ దాదూ, డాక్టర్ నాయకర్ ముగ్గురూ ఉమ్మడి పోరాటానికి ఒప్పందం చేసుకునేవరకు దాదాపు నలభై నాలుగేళ్లు పట్టింది.

‘ఇండియన్ ఒపీనియన్’ను మణిలాల్ గాంధీ 1956లో మరణించేవరకు నడిపారు, ఆ తరువాత ఆయన భార్య సుశీల నడిపారు. 1961లో అది ఆగిపోయింది. తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకుని, తమ భాషను పిల్లలకు నేర్పడానికి పూనుకున్నారు.

ఓడ ఎక్కేటప్పుడు గుమాస్తాలు రాసిన జాబితాలు మాత్రం నిలిచి ఉన్నాయి. కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద పుట్టుమచ్చ. తెలుగు పేర్లు, ఊళ్లు ఆ గుమాస్తాల చెవికి తోచినట్లు ఇంగ్లీషులో పడ్డాయి. నాలుగైదు తరాల తరువాత, తెలుగు చదవడం రాని మనుమలు ఆ జాబితాలు తిరగేసి, ఒక వంకర స్పెల్లింగును పట్టుకుని, అది విశాఖపట్నం జిల్లాలోని ఏ పల్లె అయివుంటుందా అని వెతుకుతున్నారు. సంఖ్య తెలిస్తే వెతకడం సులభమవుతుంది.